మొదటి సాకెట్లో ఏ వాల్వు?

చెన్నైలో వడపళని, సాలిగ్రామం, విరుగంబాక్కం వీధుల్లో ఇంటి స్టూడియోలకి కొదవ లేదు. మేడమీద ఒక గది, గోడలకి నురుగు పలకలు, తలుపుకి మందపాటి తెర, ఒక కంప్యూటరు, ఒక మైకు. డబ్బింగ్ చెప్పేవాళ్లు, ట్రాకులు పాడేవాళ్లు, పిల్లలకి పాఠాలు రికార్డు చేసి పంపే సంగీతం టీచర్లు ఇలాంటి గదుల్లోనే పని చేసుకుంటున్నారు. వీళ్లలో చాలామంది చేతికి ఎప్పుడో ఒకప్పుడు ట్యూబ్ ప్రీఆంప్ వస్తుంది. మైకు ఇచ్చే అతి చిన్న విద్యుత్ సంకేతాన్ని కంప్యూటర్ అందుకునేంత పెద్దది చేసే పెట్టె అది. లోపల గాజు వాల్వు ఒకటో రెండో ఉంటాయి. కొన్నేళ్లు బాగా పనిచేశాక దాంట్లోంచి బుస మొదలవుతుంది, లేదా ఉండుండి చిటపటలు వినిపిస్తాయి. అప్పుడు పుట్టే ప్రశ్న ఒకటే: ఏ వాల్వు కొనాలి?

దీనికి బజార్లో దొరికే జవాబులన్నీ పేర్లతో మొదలవుతాయి. ఫలానా ఇంగ్లండ్ వాల్వు తియ్యగా పలుకుతుందనీ, ఫలానా జర్మన్ వాల్వు మాట స్పష్టంగా ఇస్తుందనీ అంటారు. నేను పేరు పక్కన పెట్టి సాకెట్ దగ్గర మొదలుపెట్టమంటాను. ఆ వాల్వు సర్క్యూట్లో ఎన్నోది, అక్కడ దాని పనేమిటి అన్నది తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఈ ఊరికి వాల్వులు కొత్త కాదు. 1924లో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టింది. 1938 జూన్‌లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం మొదలయ్యేదాకా కోస్తా జిల్లాల శ్రోతలు తెలుగు మాట కోసం మద్రాసు స్టేషన్నే పట్టుకునేవారు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) పాటలు రికార్డయ్యే నాటికి ఇక్కడి స్టూడియోల్లో ట్రాన్సిస్టర్ ఇంకా అడుగు పెట్టలేదు. ఘంటసాల గొంతైనా, పి.లీల గొంతైనా మైకు దాటాక చేరింది వాల్వుల దగ్గరికే. అందుకే ఆ గాజు బుడ్లంటే మనకింత మమకారం. మమకారం మంచిదే గానీ, కొనేటప్పుడు దానితోపాటు కాస్త లెక్క కూడా ఉండాలి.

వాల్వు లోపల జరిగేది చూడండి. గాలి తీసేసిన గాజు గొట్టంలో నడుమ కాథోడ్ ఉంటుంది. దాని లోపలి హీటర్ ఎర్రగా కాలితే, కాథోడ్ మీద పూసిన బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. చుట్టూ ఉన్న ప్లేటుకి రెండు వందలో మూడు వందలో వోల్టులిస్తే అవి అటు పరుగెడతాయి. 1904లో ఫ్లెమింగ్ చేసిన వాల్వులో ఈ రెండే ఉన్నాయి. 1906లో లీ డి ఫారెస్ట్ మధ్యలో మూడోది పెట్టాడు. అదే గ్రిడ్, సన్నటి తీగ చుట్ట. చెరువు తూము దగ్గర తలుపు వేలెడు ఎత్తితే కాలువ నిండా నీళ్లు పారినట్టు, గ్రిడ్ మీద వోల్టేజీ రవ్వంత మారితే ప్లేటు వైపు కరెంటు ఎంతో మారుతుంది. మైకు సంకేతాన్ని గ్రిడ్‌కి ఇచ్చి, పెద్దదైన సంకేతాన్ని ప్లేటు నుంచి తీసుకుంటాం.

ఇంటి ప్రీఆంపుల్లో ఎక్కువగా కనిపించేది 12ఏఎక్స్7. 1947లో ఆర్‌సీఏ దీన్ని తెచ్చింది. యూరప్‌లో దీని పేరు ఈసీసీ83. ఆ పేరులో ‘ఈ’ అంటే 6.3 వోల్టుల హీటర్, రెండు ‘సీ’లు రెండు ట్రయోడ్లు (కాథోడ్, గ్రిడ్, ప్లేటు మూడూ ఉన్న వాల్వులు), 8 అంటే తొమ్మిది కాళ్ల నోవల్ బేస్. ఒకే గాజు బుడ్డిలో రెండు వాల్వులన్నమాట. 7025 అని రాసి ఉంటే అదీ ఇదే కుటుంబం, చప్పుడు తక్కువ ఉండేలా తయారుచేసిన రకం.

దీనికి అన్నదమ్ములున్నాయి: 5751, 12ఏటీ7, 12ఏవై7, 12ఏయూ7. కాళ్ల అమరిక అన్నిటికీ ఒకటే. తేడా ప్రధానంగా వృద్ధి గుణకంలో. 12ఏఎక్స్7కి అది 100, 5751కి 70, 12ఏటీ7కి 60, 12ఏవై7కి 44, 12ఏయూ7కి 17 నుంచి 20. అయితే గుణకం 100 అంటే గెయిన్, అంటే సంకేతం పెరిగే మేర, నూరు రెట్లని కాదు. ప్లేటుకి లక్ష ఓమ్‌ల రెసిస్టర్ పెట్టిన మామూలు స్టేజిలో 12ఏఎక్స్7 సుమారు 60 రెట్లు పెంచుతుంది. అదే చోట 5751 పెడితే దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది, 12ఏవై7 పెడితే 5 డెసిబెల్స్ దాకా, 12ఏయూ7 పెడితే 12 డెసిబెల్స్ దాకా. మీ పెట్టెలో గెయిన్ నాబ్ సగం కూడా తిప్పకముందే గొంతు చీలిపోతుంటే, 5751 గానీ 12ఏవై7 గానీ పెట్టి చూడటం సబబే. 12ఏయూ7, 12ఏటీ7ల విషయంలో జాగ్రత్త పడాలి. వాటికి కావలసిన కరెంటు వేరు. 12ఏఎక్స్7 కోసం లెక్కకట్టిన రెసిస్టర్ల మధ్య అవి పలుకుతాయి గానీ హాయిగా పలకవు. సర్క్యూట్లో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే సంకేతంలో కొంత వెనక్కి తెచ్చి గెయిన్‌ని అదుపు చేసే ఏర్పాటు) గట్టిగా ఉంటే మాత్రం ఏ వాల్వు మార్చినా గెయిన్ పెద్దగా కదలదు.

ఒక హెచ్చరిక. 6922, ఈ88సీసీ అనే పేర్లు కూడా ఈ చర్చల్లో వస్తాయి. వాటికీ తొమ్మిది కాళ్లే, అదే సాకెట్లో దిగుతాయి. కానీ వాటి హీటర్ అమరిక వేరు, అది 6.3 వోల్టులకే, 4, 5 కాళ్ల మధ్యనే ఉంటుంది. తొమ్మిదో కాలు 12ఏఎక్స్7లో హీటర్ నడిమి కొస అయితే, వీటిలో రెండు ట్రయోడ్ల మధ్య ఉండే తెర. దిగింది కదా అని స్విచ్ వేస్తే వాల్వు పోవచ్చు, పవర్ సప్లై కూడా పోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ప్రీఆంప్‌లో మొదటి వాల్వు పుట్టించే చప్పుడు తర్వాతి స్టేజిలన్నిటిలోనూ పెరుగుతూ పోతుంది. రెండో వాల్వు అంతే చప్పుడు చేసినా, అప్పటికే 60 రెట్లు పెరిగిన గొంతు పక్కన అది లెక్కలోకి రాదు. కాబట్టి మీ పెట్టెలో ఒకే రకం వాల్వులు రెండుంటే, ఏమీ కొనకముందే వాటి చోట్లు మార్చి చూడండి. బుస సగానికి సగం తగ్గిందంటే, చప్పుడు చేసే వాల్వు వెనక్కి వెళ్లి కూర్చుందని అర్థం. ఇలా పైసా ఖర్చు లేకుండా బాగుపడే పెట్టెలు చాలానే ఉంటాయి. రెండు ఛానెళ్ల ప్రీఆంప్ అయితే కుడి ఎడమల వాల్వులు మార్చండి. చిటపట వాల్వు వెంట వెళితే తప్పు వాల్వుది. ఉన్న చోటే ఉంటే తప్పు సర్క్యూట్‌ది, దానికి ఎంత ఖరీదైన వాల్వూ మందు కాదు.

ఎంత చప్పుడు తగ్గితే చాలు? ఇక్కడ లెక్క వేసి చూడటం మంచిది, ఎందుకంటే చాలామంది దీనికోసమే డబ్బు తగలేస్తారు. మామూలు డైనమిక్ మైకు లోపలి నిరోధం 150 ఓమ్‌లు అనుకుందాం. ఏ పరికరమూ తగిలించకుండానే, గది వేడికి అందులోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదలడం వల్ల 0.22 మైక్రోవోల్టుల బుస పుడుతుంది. ఇది ప్రకృతి పెట్టిన గీత. దీని కిందికి ఎవరూ పోలేరు. మంచి ప్రీఆంప్ దీనికి ఇంకాస్త కలిపి 0.4 మైక్రోవోల్టుల దగ్గర ఆగుతుంది. ఇక మీ గది సంగతి. అర్ధరాత్రి, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, వీధిలో ఆటో కూడా లేని వేళ గది నిశ్శబ్దం 30 డెసిబెల్స్ ఉందనుకోండి. ఆ ‘నిశ్శబ్దమే’ మైకులో సుమారు 0.9 మైక్రోవోల్టులు పుట్టిస్తుంది. మే నెలలో ఫ్యాను ఆపలేక 45 డెసిబెల్స్‌తో సర్దుకుంటే అది 5 మైక్రోవోల్టులు దాటుతుంది. అంటే డబ్బింగ్ చెప్పేవారికి, మైకుకి దగ్గరగా పాడేవారికి వాల్వు బుస సమస్యే కాదు. పాడైపోని ఏ 12ఏఎక్స్7 అయినా సరిపోతుంది. వీణ, తంబుర రికార్డు చేసేవారి సంగతి వేరు. నాదం సన్నది, గెయిన్ మొత్తం తిప్పాలి, తీగ మోగి ఆరిపోయేదాకా వినాలి. వాళ్లకి మాత్రం వాల్వుని ఏరి పెట్టుకోవడం తప్పదు.

మంచి ట్యూబ్ ప్రీఆంపుల్లో మైకుకీ మొదటి వాల్వుకీ మధ్య ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది వోల్టేజీని పది రెట్లు పెంచి గ్రిడ్‌కి అందిస్తుంది. మైకులో పుట్టిన 0.22 మైక్రోవోల్టుల బుస కూడా పెరిగి గ్రిడ్ దగ్గర 2.2 అవుతుంది. ఆ పక్కన వాల్వు సొంత బుస చిన్నదైపోతుంది. వాల్వుతో ఇంత నిశ్శబ్దంగా రికార్డు చేయడం సాధ్యమవుతోందంటే ఈ ట్రాన్స్‌ఫార్మర్ పుణ్యమే. దాని గురించి ఎవరూ మాట్లాడరు, బయటికి వెలుగుతూ కనిపించదు కాబట్టి.

వాల్వుని ఏరడానికి ఇంట్లో చేసుకోగల పరీక్ష ఉంది. ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్ కొని, లోపల 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ టంకం పెట్టండి. ఇప్పుడది వినపడని మైకు. దాన్ని ప్రీఆంప్‌కి తగిలించి, ఫాంటమ్ పవర్ ఆపి, గెయిన్ మొత్తం తిప్పి, ఒక నిమిషం రికార్డు చేయండి. ఫైలుకి వాల్వు నంబరు పేరుగా పెట్టండి. తర్వాతి వాల్వు పెట్టి, అరగంట వేడెక్కనిచ్చి, నాబ్ అంగుళం కదపకుండా మళ్లీ రికార్డు చేయండి. చెవితో పోల్చండి, సాఫ్ట్‌వేర్‌లో మీటరూ చూడండి. ఒకే కంపెనీ, ఒకే పెట్టెలో వచ్చిన వాల్వుల మధ్య తేడా చాలాసార్లు కంపెనీల మధ్య తేడా కంటే ఎక్కువ ఉంటుంది. ఇది చేసి చూసినవాళ్లు ఆ తర్వాత పేర్ల వెంట పడరు.

వినేటప్పుడు చప్పుడు రకం కూడా పట్టుకోండి. సన్నగా ‘స్‌స్’ అనేది మామూలు బుస. అన్నం ఉడికేటప్పటిలా తుకతుకమంటూ ఉండుండి తేలేది కాథోడ్ పూతలోని లోపం, ఆ వాల్వు మొదటి సాకెట్‌కి పనికిరాదు. లోతుగా గుయ్‌మని 50 హెర్ట్‌జ్ మోత ఉంటే హీటర్‌కి ఇచ్చిన ఏసీ కాథోడ్‌లోకి కారుతుండవచ్చు, లేదా ఎర్తింగ్ తప్పు. మోత 100 హెర్ట్‌జ్ దగ్గర ఉంటే వాల్వు జోలికి పోకుండా పవర్ సప్లై కెపాసిటర్లు చూపించండి.

ఇంకొక పరీక్ష తట్టి చేసేది. పెన్సిల్ వెనక వైపు రబ్బరుతో గాజు మీద మెల్లగా తట్టండి. హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకోవద్దు, చప్పుడు ఒక్కసారిగా పేలుతుంది, స్పీకర్లో సన్నగా వినండి. ఏ వాల్వు అయినా కాస్త ‘టక్’ అంటుంది. గంటలా మోగి సాగుతూ ఉంటే లోపల గ్రిడ్ తీగలు వదులుగా ఉన్నట్టు. మృదంగం దగ్గర అలాంటిది పెడితే వాల్వు కూడా వాయిస్తుంది.

మరి ‘వెచ్చదనం’ సంగతేమిటి? ఉంది, అది భ్రమ కాదు. ట్రయోడ్‌ని కాస్త గట్టిగా నెడితే అది గొంతుకి ముఖ్యంగా రెండో హార్మోనిక్‌ని కలుపుతుంది. మన భాషలో చెప్పాలంటే షడ్జమం పాడితే పై షడ్జమం తోడొస్తుంది. మూడో హార్మోనిక్ ఆ పైన పంచమం, ఐదోది అంతర గాంధారం. తంబుర మంద్రం తీగలో మనం వెతుక్కుని వినే స్వయంభూ గాంధారం ఇదే. ఏడో హార్మోనిక్ దగ్గరికొస్తే అది మన స్వరస్థానాల్లో దేనికీ సరిగ్గా ఒదగదు. ట్రయోడ్‌లో పైకి పోయేకొద్దీ ఈ తోడు స్వరాలు తొందరగా సన్నగిల్లుతాయి కాబట్టే చెవికి ఇంపు. అయితే ఇది వాల్వు మీద అచ్చేసిన పేరు ఇచ్చే గుణం కాదు. ప్లేటు వోల్టేజీ, చుట్టూ ఉన్న రెసిస్టర్లు, మీరు సంకేతాన్ని ఎంత నెట్టారన్నదీ కలిసి ఇచ్చేది.

ఇక్కడే చవక పెట్టెల గుట్టు తెలుసుకోవాలి. కొన్నిటిలో 12ఏఎక్స్7 ఉంటుంది గానీ దాని ప్లేటుకి అందేది కొన్ని పదుల వోల్టులే. గెయిన్ అంతా ఐసీలే ఇస్తాయి, వాల్వు పక్కన నిలబడి కాస్త రంగు పూస్తుంది. బయట చిన్న అడాప్టర్ ఉందని అలా తేల్చేయకూడదు, లోపల వోల్టేజీ పెంచే సర్క్యూట్ ఉండవచ్చు. మాన్యువల్లో ప్లేటు వోల్టేజీ ఉందేమో చూడండి. అర్ధాకలి వాల్వు ఉన్న పెట్టెలో 1960ల నాటి ఇంగ్లండ్ వాల్వు పెట్టడం డబ్బు దండగ. మామూలు వాల్వులు రెండు మూడు మార్చి చూసి ఆగిపోండి.

పేర్ల విషయానికొస్తే, ఇవాళ కొత్త వాల్వులు చేసే ఫ్యాక్టరీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. రష్యాలో సరాటోవ్, స్లొవేకియాలో చాద్చా ఊళ్లో జేజే ఎలక్ట్రానిక్, ఆపైన చైనా. సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మోనిక్స్, టంగ్‌సోల్, జెనలెక్స్, ఇప్పటి ముల్లార్డ్ అన్నీ ఆ సరాటోవ్ ఫ్యాక్టరీవే. ఒకే కప్పు కింద తయారయ్యే ఈ వాల్వులకి నిర్మాణంలో తేడాలు ఉన్నమాట నిజం, కానీ పాత ముల్లార్డ్‌కీ కొత్త ముల్లార్డ్‌కీ పేరు తప్ప చుట్టరికం లేదు. అసలు ముల్లార్డ్ వాల్వులు ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో తయారయ్యేవి. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపినప్పుడు ప్రపంచమంతటా వాల్వుల ధరలు ఎగబాకాయి. మూడు నాలుగు ఫ్యాక్టరీల మీద ఆధారపడిన సరుకు ఎంత నాజూకో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ఈ నాజూకుతనానికి రికార్డింగ్ చరిత్రలో పెద్ద ఉదాహరణ ఉంది. 1949లో వచ్చిన న్యూమన్ యూ47 మైకు టెలిఫంకెన్ వీఎఫ్14 అనే వాల్వు మీద నడిచేది. ఆ వాల్వు తయారీ ఆగిపోయింది. నిల్వలు కరిగాక ప్రపంచం మెచ్చిన ఆ మైకూ ఆగిపోయింది. ఇంట్లో ప్రీఆంప్ కొనేవారు దీన్నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది: ఇంకా తయారవుతున్న వాల్వు మీద నడిచే పెట్టెనే కొనండి. 12ఏఎక్స్7 ఆ విషయంలో నిశ్చింత.

పాత సరుకు కొనాలనుకుంటే గాజు కింది భాగంలో యాసిడ్‌తో గీసిన సన్నటి అక్షరాలు చూడండి. ఫిలిప్స్ కుటుంబం వాల్వుల్లో రెండో వరుసలో ముందు ఫ్యాక్టరీ గుర్తు ఉంటుంది, ‘బీ’ అంటే బ్లాక్‌బర్న్. తర్వాత సంవత్సరపు చివరి అంకె, నెలకి ‘ఏ’ నుంచి ‘ఎల్’ దాకా ఒక అక్షరం, చివర వారం అంకె. పైన రంగుతో అచ్చేసిన పేరుని ఎవరైనా మార్చగలరు, ఈ గీతని మార్చడం కష్టం. వాల్వు పైభాగంలో వెండిలా మెరిసే పూత ఉండాలి. అది పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి పోయింది, పారేయాల్సిందే.

మన దేశం కూడా ఒకప్పుడు వాల్వులు చేసింది. 1954లో బెంగళూరులో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ ప్రారంభించింది, సాంకేతిక సహకారం ఫిలిప్స్‌ది. బీఈఎల్ ముద్ర ఉన్న ఆ వాల్వులు దక్షిణాది రేడియోల్లో, ఆంప్లిఫయర్లలో లక్షణంగా పనిచేశాయి. చెన్నైలో అలాంటి పాత సామాను దొరికే మూర్ మార్కెట్ 1985 మేలో కాలిపోయింది. ఇప్పుడు మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్, దాన్ని ఆనుకున్న నరసింగపురం వీధే దిక్కు. అక్కడ వాల్వు దొరకడం అదృష్టం మీద ఉంటుంది గానీ, పింగాణీ సాకెట్లు, కాంటాక్ట్ క్లీనర్, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు మాత్రం తప్పక దొరుకుతాయి.

చెన్నైవాసులకి ఈ చివరి సామానే ఎక్కువ అవసరం. సముద్రపు గాలికి వాల్వు కాళ్ల మీద, సాకెట్ క్లిప్పుల్లో చిలుము పడుతుంది. వాల్వు పోయిందనుకునే చిటపటల్లో చాలా భాగం ఇదే. ప్లగ్ తీసేసి, కెపాసిటర్లలో నిలవున్న వోల్టేజీ దిగేదాకా ఆగి, చల్లారిన వాల్వుని బయటికి తీసి కాళ్లు శుభ్రం చేయండి. సాకెట్లో క్లీనర్ ఒక చుక్క వేసి, వాల్వుని నాలుగైదుసార్లు మెల్లగా దించి తీయండి. రెండు వందల వోల్టులు ప్రాణం తీయగలవు, అలవాటు లేనివారు ఈ పని తెలిసిన మెకానిక్ చేతే చేయించాలి.

సన్న సంకేతాల వాల్వులు వేల గంటలు పనిచేస్తాయి. బాగా పలుకుతున్నదాన్ని ఏటేటా మార్చనక్కర్లేదు. మార్చాల్సి వచ్చినప్పుడు ఒక ఖరీదైన పాత వాల్వు బదులు ఇప్పుడు తయారయ్యే మామూలు 12ఏఎక్స్7లు మూడు కొనండి. రెసిస్టర్ ప్లగ్‌తో పరీక్షించి, అన్నిటికంటే నిశ్శబ్దమైనదాన్ని మొదటి సాకెట్లో పెట్టండి. రెండోది వెనక సాకెట్లోకి, మూడోది డబ్బాలోకి.

ఒక విన్నపం కూడా. మన ఊళ్లలో పెళ్లిళ్లకి, ఉత్సవాలకి తిరిగిన పాత మైక్‌సెట్ ఆంప్లిఫయర్లు, స్పూల్ టేప్‌రికార్డర్లు ఇంకా అటకల మీద ఉన్నాయి. వాటి ముందరి స్టేజిల్లో ఈసీసీ83, లేదా దానిలాగే సన్న సంకేతాలకి వాడే ఈఎఫ్86 వాల్వులుండే అవకాశం ఎక్కువ. తుక్కు కొనేవాడికి కిలో లెక్కన ఇచ్చేముందు ఆ వాల్వులు తీసి, గుడ్డలో చుట్టి, ఎవరైనా రేడియో మెకానిక్ చేత పరీక్ష చేయించండి.